అవునన్న పాపానికి

మా హాడ్లీ కౌంటీలో పెళ్ళికీ తుపాకికీ ఒకటే కిటికీ. కోర్టు భవనంలో కింది అంతస్తు, కుడివైపు రెండో తలుపు. పెళ్ళి లైసెన్సు కావాలన్నా, తుపాకి పెట్టుకు తిరిగే లైసెన్సు కావాలన్నా అక్కడికే పోవాలి. ఒక్కోసారి రెండింటికీ ఒకడే వస్తాడు. అప్పుడు కిటికీలో కూర్చున్న పిల్ల ముందు ఏది ఇమ్మంటారని నవ్వకుండా అడుగుతుంది. పోయినవాళ్ళ వీలునామాలు తెరిచేదీ అక్కడే, తల్లీతండ్రీ లేని పిల్లల ఆస్తికి కాపలా పెట్టేదీ అక్కడే, మతి చెడిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపొమ్మని షెరీఫ్‌కు ఆర్డరు ఇచ్చేదీ అక్కడే. దాన్నే ప్రొబేట్ కోర్టు అంటారు. మా దగ్గర ఆ కోర్టు జడ్జికి లాయరు చదువు అక్కర్లేదు, ఓట్లు పడితే చాలు. ట్వైలా స్టాన్సిల్ ఏళ్ళ తరబడి ఆ కిటికీలో గుమాస్తాగా కూర్చుని, పాత జడ్జి పోయాక ఓట్లకు నిలబడి జడ్జి అయింది.

ఆ కోర్టుకు ఇంకో పని కూడా ఉంది. బతికున్న మనిషి బతుకును తీసి ఇంకొకరి చేతిలో పెట్టడం. ఫలానా మనిషికి తన మంచిచెడ్డలు తనకు తెలియడం లేదని ఎవరైనా అర్జీ పెడితే, కోర్టు ఒకావిణ్ణి ఇంటికి పంపుతుంది. ఆవిడ వచ్చి కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసి, మతి ఉందో లేదో రాసి ఇస్తుంది. లేదని తేలితే గార్డియన్‌ను వేస్తారు. ఇక ఆ మనిషి ఎక్కడ పడుకోవాలో, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, ఎవరిని చూడాలో ఆ గార్డియన్ చెప్పాలి.

వెర్నెల్ టిల్లరీ తమ్ముడి మీద పగబట్టింది ఈ పని దగ్గరే.

వెర్నెల్ బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు పని చేసింది. ఇప్పుడు కౌంటీలో ట్రాక్టర్లు తోలేవాళ్ళూ, బ్యాంకులో కూర్చునేవాళ్ళూ, ఆఖరికి షెరీఫ్ కూడా ఆమె గరిటె కింద పళ్ళెం పట్టినవాళ్ళే. మోచేతుల దాకా పొయ్యి కాల్చిన మచ్చలు. ఎవరు ఏమన్నా నవ్వి తల ఊపే మనిషి. ఆ నవ్వు చూసి మెతక అనుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు తెలియంది ఏమిటంటే, ఆ నవ్వు వెనక ఆమె ఒక్క మాట కూడా మరిచిపోదు. బడిలో వంటశాల పెద్ద ఒకసారి ఆమె గ్రేవీని నలుగురిలో వెక్కిరించాడు. ఆయన పదవి దిగిపోయిన రోజున కేకు అందరికీ కోసి పెట్టి, ఆయన దగ్గరికి వచ్చేసరికి అయిపోయిందండీ అని ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. కేకు ఇంకా సగం ఉంది.

ఆ నవ్వు తల్లి ఓరాలీ నేర్పింది. ఓరాలీ ఇంట్లో ఒక కట్టుబాటు: గడప లోపలికి వచ్చిన మనిషి మాటకు ఎదురు చెప్పకూడదు. అతిథి పొరపాటు మాట్లాడితే సర్దుకోవాల్సింది మనం. మా వైపు పాత ఇళ్ళన్నింటిలో ఈ పద్ధతి ఉంది గానీ, ఓరాలీ దగ్గర అది మరీ ముదిరింది. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు మొదటిసారి భోజనానికి వచ్చి ఆవిణ్ణి ఐడా గారూ అన్నాడు. ఐడా అంటే పక్కింటావిడ. ఓరాలీ పలికింది. ఆయన ఆ చర్చిలో ఉన్నన్నాళ్ళూ ఐడా అనే పిలిచాడు, ఈవిడ పలుకుతూనే ఉంది. ఆయన బదిలీ అయి వెళ్ళాక గానీ ఓరాలీకి తన పేరు తనకు రాలేదు.

ఆ పద్ధతే ఆవిడ కొంప ముంచింది.

తమ్ముడు హోయిట్‌కి తల్లి ఇంటి వెనక పీకాన్ తోట మీద కన్ను పడింది. ఎండుటాకుల మధ్య కాయలు రాలుతుంటే ఓరాలీ ప్రతి శరదృతువులోనూ గోనెసంచీ నడుముకు కట్టుకుని ఏరుకునే తోట అది. వేటగాళ్ళ కోసం బంగళా కడతామని ఒక కంపెనీ దాన్ని అడిగింది. ఓరాలీ అమ్మనంది. అది వచ్చిన అతిథితో కాదు, కొడుకుతో అంది కాబట్టి గట్టిగానే అంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వెర్నెల్ మొగుడు క్యాన్సర్‌తో సవానాలో ఆసుపత్రి పాలయ్యాడు. వెర్నెల్ అక్కడే కుర్చీలో పడుకుంటోంది. ఇదే సందని హోయిట్ కోర్టుకు పోయాడు. అమ్మ పొయ్యి ఆర్పడం మరిచిపోయిందనీ, రేపు ఇల్లు తగలబెట్టుకుంటుందనీ అర్జీ పెట్టాడు.

కోర్టు పంపిన ఆవిడ అట్లాంటా వైపు నుంచి వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో ఓరాలీ తర్వాత వెర్నెల్‌కు తానే చెప్పింది, అప్పటికి వృద్ధుల హోమ్‌లో కిటికీ పక్క మంచం మీద ఉంది. హోయిట్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, బావి పంపు చూసి వస్తానని బయటికి పోయాడట. ఆవిడ నవ్వుతూ, ఇవాళ గురువారం కదండీ అందట. ఆ రోజు మంగళవారం. అవునమ్మా అంది ఓరాలీ. మీకు ముగ్గురు పిల్లలట కదా అంది. ఉన్నది ఇద్దరే. అవునమ్మా. కిటికీలోంచి చూసి, ఎంత చక్కటి ఓక్ చెట్టండీ అంది. అది పీకాన్ చెట్టు, ఓరాలీ పెళ్ళయి వచ్చిన ఏడాది మామగారు నాటింది.

"మరి చెప్పలేదా అమ్మా?" అని అడిగింది వెర్నెల్.

"మన సోఫాలో కూర్చుని, మన కేకు తింటున్న మనిషిని నీకు చెట్లు తెలియవని ఎలా అంటానే? అవునమ్మా, మంచి ఓక్ అన్నాను. పాపం, ఎంత దూరం నుంచి వచ్చిందో."

అవన్నీ మతి పరీక్షకని కావాలని అన్న తప్పులే. ఆ పాపం మనిషి వెళ్ళి, వారమూ తెలియదు, పిల్లల లెక్కా తెలియదు, చెట్టూ తెలియదు అని రాసింది. హోయిట్ గార్డియన్ అయ్యాడు. తోట అమ్మడానికి కోర్టు అనుమతి కావాలంటే అదీ తెచ్చుకున్నాడు. మొగుణ్ణి మట్టిలో పెట్టి వెర్నెల్ ఊరికి వచ్చేసరికి పీకాన్ చెట్లు మొద్దులై ఉన్నాయి, తల్లి హోమ్‌లో ఉంది. నా దగ్గర ఉంచుకుంటానని ఎంత అడిగినా హోయిట్ ఒప్పుకోలేదు. అక్క ఇంట్లో కూర్చుంటే తల్లికి నోరొస్తుందనీ, నోరొస్తే అందరికీ తెలుస్తుందనీ వాడి భయం. వెర్నెల్ ఎప్పుడు వెళ్ళినా ఓరాలీ ఒక్కటే అడిగేది: ఇంటికి ఎప్పుడు తీసుకెళతావే, కాయలు రాలిపోతున్నాయి. వచ్చే వారం అమ్మా అనేది వెర్నెల్. తల్లి అలా మూడు క్రిస్మస్‌లు అడిగి, నాలుగోది రాకుండా పోయింది.

అంత్యక్రియల రోజున హోయిట్ ఏడ్చాడు. వెర్నెల్ ఆ ఏడుపు చూస్తూ, నీకూ ఇదే గతి పట్టాలిరా, నేను కళ్ళారా చూడాలి అని మనసులో అనుకుంది. దేవుడి ఎదుట అనుకుంది, చర్చిలోనే అనుకుంది. తర్వాత తమ్ముడితో మాట మానేసింది. ఇద్దరివీ ఒకే రోడ్డు మీద ఎదురుబొదురు ఇళ్ళు. ఆదివారం ముందు బెంచీలో వాడి మెడ వెనక భాగం చూస్తూ పాటలు పాడేది. ఆ మెడ ముడతలు పడుతున్నకొద్దీ ఆమెకు ఓపిక పెరిగింది.

ఏళ్ళు గడిచాయి. హోయిట్ భార్య పోయింది. పశువుల గేటు దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వాకరు లేనిదే నడవలేడు. ఒకనాడు వేసుకున్న మందులే మరిచిపోయి మళ్ళీ మింగాడు. వాడికి ఒక్కడే కొడుకు, బ్రాంట్లీ. చేపల చెరువూ పొలమూ అమ్మేస్తే టౌన్‌లో పడవల దుకాణం పెట్టుకోవచ్చని బ్రాంట్లీ ఆలోచన. అలాంటి ఆలోచనకు దారి ఎటో వాడు చిన్నప్పుడే ఇంట్లో చూశాడు. ఒక రోజు వెర్నెల్‌కు కోర్టు నుంచి నోటీసు వచ్చింది. గార్డియన్ కోసం అర్జీ పడితే దగ్గరివాళ్ళకు తెలపాలి, అది చట్టం. తల్లి నాటి నోటీసు ఆమె సవానాలో ఉండగా తాళం వేసిన ఇంటికి వచ్చి పడింది.

వెర్నెల్ నోటీసును నిలబడే చదివింది, కూర్చుని ఇంకోసారి చదివింది. తర్వాత ఫ్రిజ్ తలుపుకు అంటించి, గుడ్లు బయటికి తీసి పౌండ్ కేకు మొదలుపెట్టింది. ఎవరికోసమో ఆమెకే తెలియదు. ఒళ్ళంతా తేలికైపోయింది. మొగుడు పోయాక అంత సంతోషం ఆమెకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

మూడో రోజున హోయిట్ వాకరు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. తల్లి పోయాక ఆ గడప తొక్కడం అదే మొదలు. వెర్నెల్ తలుపు తీసింది. పగవాడే కావచ్చు, గడప లోపలికి వచ్చాడు. చక్కెర వేసిన చల్లటి టీ పోసింది, కేకు కోసి పెట్టింది. వాడు తిన్నాడు.

చివరికి హోయిట్ విషయానికి వచ్చాడు. కోర్టు ఆవిడ వచ్చే వారం వస్తుందట. కోర్టు ఇచ్చిన లాయరు కుర్రాడికి తన పేరు కూడా సరిగ్గా తెలియదట. బ్రాంట్లీ హోమ్‌లో గది కూడా మాట్లాడేశాడట.

"అక్కా, నాకు మతి బాగానే ఉంది. తుంటే లేదు," అన్నాడు. "ఆ రోజు అమ్మ ఆవిడతో ఏం మాట్లాడింది? నీతో చెప్పే ఉంటుంది. ఎక్కడ తప్పు పోయింది?"

వెర్నెల్ గ్లాసు కింది తడిని అరచేత్తో తుడిచింది. హోయిట్ పుట్టుకతోనే పెడసరం మనిషి. పాస్టరును ప్రసంగం మధ్యలో తప్పుపట్టినవాడు. కోర్టు ఆవిడ మంగళవారాన్ని గురువారం అంటే, నీకు మతి ఉందా అని ఆవిణ్ణే అడుగుతాడు. వాణ్ణి వాడి మానాన వదిలేస్తే గెలుస్తాడు. మర్యాదస్తురాలు హోమ్‌లో పోయింది, మర్యాద లేనివాడు ఇంట్లో కూర్చుంటాడు.

"అమ్మ వాదించిందిరా," అంది. "ఆవిడ ఏమన్నా కాదంది. ప్రతి మాటకూ అడ్డం తిరిగింది. అందుకే పిచ్చి అని రాసింది. నువ్వు మాత్రం మర్యాదగా ఉండు. ఆవిడ ఏమంటే దానికి అవునమ్మా అను. నోరు జారావా, అంతే."

హోయిట్ ఆమె మొహంలోకి చూశాడు, చాలాసేపే చూశాడు.

"అవునమ్మా అంటే చాలంటావు."

"చాలు."

వాడు మిగిలిన కేకు ముక్క తిని, బాగుందక్కా అని లేచాడు. అబద్ధమాడినందుకు ఆ రాత్రి నిద్ర పట్టదేమో అనుకుంది వెర్నెల్. పిల్లలా పడుకుంది.

కోర్టు ఆవిడ కారు వచ్చి హోయిట్ వాకిట్లో ఆగడం వెర్నెల్ వంటింటి కిటికీలోంచే చూసింది. చిక్కుడుకాయలు తుంచుతూ నిలబడింది. కాయలు అయిపోయాక కూడా నిలబడింది. కారు వెళ్ళిపోయింది. సాయంత్రం బ్రాంట్లీ తనే వచ్చి చెప్పాడు.

"అత్తా, నాన్నకు నిజంగానే మతి పోయింది. నేను తొందరపడుతున్నానేమో అని కొంచెం దిగులుగా ఉండేది, ఇప్పుడు లేదు. మీకు ఇద్దరు కూతుళ్ళట కదా అంటే అవునమ్మా అన్నాడు. ఇవాళ శనివారం కదా అంటే అవునమ్మా. నన్నేమో గొడ్డలి పట్టుకుని తరుముతాడనుకున్నా, పిల్లిలా కూర్చున్నాడు."

మేనల్లుడికి కూడా టీ పోసింది వెర్నెల్.

విచారణ రోజున చర్చికి వేసుకునే నీలం గౌను తొడుక్కుంది. కోర్టు గది చిన్నది, పట్టుమని నాలుగు బెంచీలు. బయట కిటికీ దగ్గర ఒక జంట పెళ్ళి లైసెన్సు కోసం నవ్వుకుంటూ నిలబడి ఉంది, ఆ నవ్వు లోపలికి వినిపిస్తోంది. ట్వైలా కళ్ళద్దాలు పెట్టుకుని రిపోర్టు చదివింది. లాయరు కుర్రాడు తన తరఫున అడిగేదేమీ లేదన్నాడు. హోయిట్ గారూ, మీరేమైనా చెప్తారా అని ట్వైలా అడిగింది. హోయిట్ తల అడ్డంగా ఊపాడు. ఊపి, వెనక్కి తిరిగి వెర్నెల్ వైపు చూశాడు.

వెర్నెల్ ఆ చూపును నేరుగా అందుకుంది. బతిమాలుతున్నాడు అనుకుంది. బతిమాలు, ఇంకా బతిమాలు అనుకుంది.

ట్వైలా కూడా చూసింది. ఓరాలీ కేసు నాడు ఆమె గుమాస్తాగా ఇదే గదిలో ఉంది. హోయిట్ గాస్కిన్స్ అవునమ్మా అన్నాడంటే ఈ కౌంటీలో ఎవరూ నమ్మరు. ఆమెకూ నమ్మకం కుదిరినట్టు లేదు.

"వెర్నెల్ గారూ, మీరు ఆయన అక్క, ఎదురింట్లోనే ఉంటారు. రోజూ చూస్తుంటారు. ఈ రిపోర్టు మీకు సరిగ్గానే ఉందా? మీ మాట వినాలని నాకుంది."

ఒక్క మాట చాలు. వాడు నటిస్తున్నాడమ్మా, నేనే నేర్పాను అంటే చాలు. వెర్నెల్ లేచి నిలబడింది. హోమ్‌లో తల్లి మంచం పక్క కిటికీ గుర్తొచ్చింది, ఆ కిటికీలోంచి కనబడే కార్ల షెడ్డు గుర్తొచ్చింది. తల్లి నేర్పిన నవ్వే నవ్వింది.

"నేనేం చెప్తానమ్మా. మీకెలా తోస్తే అలాగే."

ట్వైలా సంతకం చేసింది. బ్రాంట్లీ గార్డియన్. ఎప్పుడైనా ఆయనకు మతి కుదుటపడిందని తోస్తే, ఆయన గానీ, ఆయన మేలు కోరే ఎవరైనా గానీ హక్కులు తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టుకోవచ్చని కూడా చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు వెర్నెల్‌నే చూసింది.

బ్రాంట్లీ ట్రక్కు తేవడానికి పోయాడు. వసారాలో బెంచీ మీద అక్కా తమ్ముడూ మిగిలారు. ఈ మాట కోసం వెర్నెల్ ఎన్నో ఏళ్ళుగా పళ్ళ బిగువున కాచుకుని ఉంది. వాడి వైపు కూడా తిరగకుండా, అమ్మ వాదించలేదురా అని మొదలుపెట్టబోయింది.

"తెలుసు," అన్నాడు హోయిట్.

"ఏం తెలుసు?"

"అమ్మ వాదించలేదు. ఆవిడ పీకాన్ చెట్టును ఓక్ అంది. అవునమ్మా, మంచి ఓక్ అంది అమ్మ."

వెర్నెల్ ఆ మాట ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. చచ్చిన మొగుడి సమాధికి కూడా చెప్పలేదు.

"నేను పంపు దగ్గరికి పోలేదు," అన్నాడు వాడు. "వంటింట్లో నిలబడి అంతా విన్నాను. అమ్మ మర్యాదకు అలా అంటోందని తెలుసు. లోపలికి వచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు."

"మరి నేను చెప్పినప్పుడు?"

"అప్పుడే తెలిసింది అబద్ధమని. తెలిసే చేశాను."

"ఎందుకురా?"

హోయిట్ వాకరు పిడి మీద బొటనవేలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఇవాళ నువ్వు విప్పుతావేమో చూద్దామనుకున్నా," అన్నాడు. ట్రక్కు వచ్చింది. బ్రాంట్లీ రెక్క పట్టి ఎక్కిస్తుంటే ఎక్కాడు.

వెర్నెల్‌కు జాలి వేసిందనుకుంటే మీరు ఆమెను ఇంకా తెలుసుకోలేదన్నమాట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తల్లిని దోచాడు, తోటను దోచాడు, ఆఖరికి తను ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకు సాకిన పగను కూడా దోచుకున్నాడు. తను వాణ్ణి పడేయలేదు. వాడే నడిచి వచ్చి పడ్డాడు, పడి, చేసిందానికి సరిపోయిందని లెక్క తేల్చేసుకున్నాడు. పైగా నోరు విప్పనందుకు తనను కూడా ఆ వంటింట్లో వాడి పక్కనే నిలబెట్టాడు. అంత తేలిగ్గా తేలనిస్తుందా?

మర్నాడే కోర్టుకు పోయి కిటికీలో పిల్లను హక్కులు తిరిగి ఇప్పించే అర్జీ అడిగింది. పెళ్ళికో తుపాకికో అనుకున్నానండీ అంది ఆ పిల్ల. తుపాకి అయితే తమ్ముడికి బాగుండేది అంది వెర్నెల్. ఇద్దరూ నవ్వారు. ఆ అర్జీ ఇప్పుడు వంటింట్లో తుడుపు గుడ్డల సొరుగులో ఉంది. అందులో ఆమె ఇంకా తన పేరు కూడా రాయలేదు.

ఆదివారం చర్చి కాగానే హోమ్‌కు పోతుంది. హోయిట్‌కు ఇచ్చింది తల్లి గది కాదు గానీ అదే వరస, అదే కార్ల షెడ్డు. కేకు కోసి పెడుతుంది. వాడు తిని, బాగుందక్కా అంటాడు. ఇంటి మాట ఎత్తడు. చెరువు ఎవరు కొన్నారని అడగడు. కోర్టుకు పోతావా అని అసలే అడగడు. ఆమె పళ్ళెం కడిగి, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, వాడి నోటి వంకే చూస్తూ కూర్చుంటుంది.

అడగనీ. నోరు తెరిచి, అక్కా ఇంటికి ఎప్పుడు తీసుకెళతావని అడగనీ, అప్పుడు చూద్దాం. అమ్మ మూడు క్రిస్మస్‌లు అడిగింది. వాడికింకా మొదటిదే రాలేదు.